మంగళవారం పదింటికి

మా ఆయన ఒక బల్బు కొనాలంటే మూడు కొట్లు తిరిగి ధర కనుక్కుని, చివరికి ఉత్త చేతుల్తో ఇంటికొచ్చే మనిషి. అలాంటి మనిషి ఆ చలికాలం మొదట్లో ఒక సాయంత్రం, అందరం సూప్ తాగుతుంటే, "ఈసారి మనందరం మంచుకొండకి వెళ్దాం. స్కీయింగ్ నేర్చుకుందాం," అన్నారు.

మా అత్తయ్య చెంచా గిన్నెలోనే వదిలేశారు. "ఎముకలు విరగ్గొట్టుకోడానికి అంత దూరం ఎందుకురా? మన మెట్ల మీంచి దూకితే సరిపోదూ?"

మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. ఇంట్లో అందరం దాన్ని లాయరు అంటాం. ఒక ప్రశ్నతో ఊరుకునే రకం కాదు. "నీకు స్కీయింగ్ వచ్చా నాన్నా? ఎవరు చెప్పారు నీకు? ఎంతవుతుంది?"

ఆయన జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి పళ్ళేల మధ్య పరిచారు. "శని, ఆదివారాలు వెళ్తే అన్నీ రెట్టింపు. అందుకని సోమవారం వెళ్ళి బుధవారం వచ్చేద్దాం. కొండ మీద హోటల్ మన వల్ల కాదు. కింద ఊళ్ళో వంటగది ఉన్న గదులు దొరుకుతాయి. స్కీలూ బూట్లూ అద్దెకి తీసుకుందాం, అవి కూడా కింద ఊళ్ళోనే. కొండెక్కాక తీసుకుంటే తోలు వలిచేస్తారు. కొత్తవాళ్ళకి కొండంతా తిరిగే టికెట్టు దండగ. అడుగున చిన్న వాలు ఒకటుంటుంది, దానివరకే కొనుక్కోవచ్చు. మొదటిరోజు రెండు గంటలు అందరితో కలిపి పాఠం."

"మరి బడి?" అంది లాయరు.

"మూడ్రోజులేగా. సెలవు చీటీ రాసిస్తాను."

జ్వరమొచ్చినా పిల్లని బడికి దింపి వచ్చే మనిషి నోట ఆ మాట. నా చెవులు అప్పుడే నిక్కబొడుచుకున్నాయి.

"బట్టలు మీ అమ్మ కుట్టేస్తుంది," అన్నారు చివర్లో. ఆ మాట నా వైపు చూడకుండా అన్నారు.

నేను ఒక డ్రై క్లీనింగ్ షాపులో కుట్టుపని చేస్తాను. జిప్పులు మార్చడం, అంచులు వేయడం, నడుములు వదులు చేయడం. ఏ బట్ట వచ్చినా ముందు జేబులు వెతకాలి. ఒక్క పెన్ను మిగిలిపోయిందంటే మొత్తం ఉతుకు నాశనం. పదిహేనేళ్ళు ఆ పని చేస్తే, ఎవరింట్లో ఏం జరుగుతోందో వాళ్ళ నోటికంటే ముందు వాళ్ళ జేబులే చెప్పేస్తాయి. నా ఇల్లు కూడా అందులో ఒకటవుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మా ఆయన ఎత్తయిన బిల్డింగుల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇరవై ఏళ్ళుగా ఒకటే కంపెనీ. రోజూ ఇంటికొచ్చాక అరగంట చేతులు రుద్దుకుంటేగానీ గ్రీజు వదిలేది కాదు, వదిలినా గోళ్ళ చివర నల్లగా గీత మిగిలేది. ఆ మంచుకొండ మాట వచ్చాక నేను ఆయన గోళ్ళు చూశాను. పెళ్ళికొడుకు గోళ్ళలా ఉన్నాయి. రోజూ గడ్డం గీస్తున్నారు. చొక్కా ఇస్త్రీ తనే చేసుకుంటున్నారు.

ఒకరోజు ఆయన కోటుకి బొత్తాం వేలాడుతుంటే కుడదామని తీశాను. అలవాటుగా చెయ్యి జేబులోకి వెళ్ళింది. దారం కట్టిన ఒక అట్టముక్క తగిలింది. ఒక పక్క మంచుకొండ బొమ్మ. ఇంకో పక్క 'అతిథి' అని ముద్ర, కింద తేదీ. రెండు వారాల కిందటి మంగళవారం. ఆ రోజు ఏదో బిల్డింగులో లిఫ్టు పదకొండో అంతస్తులో ఇరుక్కుపోయిందని చెప్పి ఆయన ఆలస్యంగా వచ్చిన రోజు.

అతిథి. ఎవరికి అతిథి?

మర్నాడు షాపులో ఇస్త్రీ చేసే అక్కకి చెప్పాను. ఆవిడ వేడి పెట్టెని నిలబెట్టి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ముందొకసారి తను చూసొచ్చి, తర్వాత పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్తాడా ఎవడైనా?"

"అదేగా నేననేది."

"తీసుకెళ్తాడు పిల్లా. అనుమానం రాకుండా ఉండాలంటే అలాగే తీసుకెళ్తాడు. కళ్ళు తెరుచుకుని ఉండు."

ఆవిడ మొగుడు ఆవిణ్ణి వదిలేసి తొమ్మిదేళ్ళయింది. ఆ సంగతి నాకు ఆ క్షణాన గుర్తుండాల్సింది. ఉండలేదు.

బట్టలు మాత్రం కుట్టాను. ఏడాది దాటినా ఎవరూ తీసుకెళ్ళని బట్టలు మా షాపులో ఒక బీరువా నిండా ఉంటాయి. యజమానిని అడిగి నాలుగు వానకోట్లు, రెండు పాత బొంతలు తెచ్చుకున్నాను. కోట్లు విప్పదీసి ప్యాంట్లు చేసి, లోపల బొంత గుడ్డ పరిచి, కుట్ల మీద మైనం రుద్దాను. అత్తయ్య ప్యాంటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, "దిండుకి కాళ్ళొచ్చినట్టున్నాను," అని తెగ మురిసిపోయారు. ఆయన వచ్చి నా ప్యాంటు అంచు పట్టుకుని చూశారు.

"లోపల ఇంకో అంచు వెయ్యి. రబ్బరు పెట్టి. అది బూటు మీదకి దిగితే మంచు లోపలికి రాదు."

"మీకెలా తెలుసు?"

"తెలిసినావిడ చెప్పింది."

అనేసి ఆగారు. నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయినట్టు కాసేపు నిలబడి, చివరికి నీళ్ళు తాగుతానని వంటగదిలోకి వెళ్ళిపోయారు. అప్పుడు అడిగుంటే సరిపోయేది. కానీ అడిగితే నిజం చెబుతారేమోనని భయం.

ఆ గురువారం సాయంత్రం ఆయన చెత్త పారేయడానికి కిందికి వెళ్ళారు. ఫోను బల్ల మీదే ఉంది. మోగింది, ఆగింది, వాయిస్ మెసేజ్ వచ్చిన చప్పుడైంది. నేను చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆడగొంతు. నవ్వుతూ మాట్లాడే గొంతు.

"మీరు వచ్చి వెళ్ళినప్పటినుంచీ ఇక్కడందరికీ మీ మాటే. వచ్చే మంగళవారం పదింటికి మళ్ళీ రండి. మీరొక్కరే వస్తే చాలు. ఇంట్లో చెప్పారో లేదో నాకు తెలీదు. ఇక చెప్పేయడం మంచిది."

అంతే. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడుతోంది. మెసేజూ, ఫోను మోగిన ఆనవాలూ చెరిపేశాను. పనికిమాలిన ఫోన్లు రాకుండా ఎలా చెయ్యాలో లాయరు నాకు ఎప్పుడో నేర్పింది. ఆ నంబరుకి కూడా అదే చేశాను. ఆయన లోపలికొచ్చేసరికి ఫోను ఎక్కడున్నదక్కడే ఉంది, నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కళ్ళలో నీళ్ళకి కారణం అడిగే పని ఎవరికీ పడలేదు.

మంగళవారం వచ్చింది. ఆయన ఎప్పటిలాగే లంచ్‌బాక్సు పట్టుకుని ఎప్పటి వేళకే వెళ్ళారు. సాయంత్రం ఎప్పటి వేళకే వచ్చారు. బూట్లకి మంచు లేదు, బురద లేదు. నేను గెలిచాననుకున్నాను. కానీ ఆ వారం నుంచి ఆయన ముఖం వాడిపోయింది. మాటిమాటికీ ఫోను చూసుకోవడం, మళ్ళీ బల్ల మీద బోర్లా పెట్టడం. ఆవిడ కబురు కోసం ఎంతలా కాచుకు కూర్చున్నారో అని నాకు ఒళ్ళు మండిపోయేది. గదికి ముందే సొమ్ము కట్టేశాం కాబట్టి ప్రయాణం మానలేదు. నేనైతే ఎవరు మానమన్నా మానేదాన్ని కాదు. ఆ మనిషెవరో చూడాలి నేను.

ఆ తర్వాతి సోమవారం చీకటితో బస్సెక్కితే తొమ్మిదిన్నరకి దిగాం. కింద ఊళ్ళో అద్దె బూట్లు తొడిగాడు కొట్టువాడు. ఇనప్పెట్టెల్లో కాళ్ళు పెట్టినట్టుంది. అత్తయ్య ఫ్లాస్కు పట్టుకుని బెంచీ మీద కూర్చుంటానన్నారు. మాకు పాఠం చెప్పిన ముసలాయన మొదటి గంటంతా పడటమే నేర్పాడు. "పక్కకి పడండి, వెనక్కి కాదు. ఆగాలంటే ముందు కొనలు దగ్గరికి, మడమలు దూరంగా. భయమేస్తే వెనక్కి వాలాలనిపిస్తుంది. వాలితే ఇంకా జోరుగా పోతారు." లాయరు పదోసారికల్లా పడకుండా దిగింది. నేను కొండని చూసిందే లేదు. టికెట్లిచ్చే అమ్మాయిని చూశాను. టీ అమ్మే అమ్మాయిని చూశాను. ఎర్ర జాకెట్టు వేసుకుని సన్నగా, గాలిలా జారిపోతున్న ఒకావిడని కళ్ళు నొప్పెట్టేదాకా చూశాను. మా ఆయన ఆవిడ వైపు తలైనా తిప్పలేదు. చూడకపోవడం కూడా ఒక రకం చూడటమే అనుకున్నాను.

రెండోరోజు అత్తయ్య తనకీ బూట్లు కావాలని పట్టుబట్టారు. మూడుసార్లు పడి, నాలుగోసారి ఆ చిన్న వాలు చివరిదాకా కేక పెడుతూ దిగారు. ఆ ఊపులో లాయరు కుర్చీల లిఫ్టు ఎక్కుతానంది. అది పై వాలుకి తీసుకెళ్తుంది, దానికి వేరే టికెట్టు. చూడ్డానికి డబ్బులేం కట్టక్కర్లేదుగా అని నలుగురం దాని కిందకి వెళ్ళి నిలబడ్డాం. అందరూ పైకి పోతున్న కుర్చీలని చూస్తున్నారు. ఆయన మాత్రం తీగ తిరిగే పెద్ద చక్రాన్ని చూస్తున్నారు. పెదాలు కదులుతున్నాయి, లెక్క పెడుతున్నట్టు.

చక్రం పక్కనున్న షెడ్డు తలుపు తీసుకుని ఒకావిడ బయటికొచ్చింది. అరవై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, మోచేతుల దాకా గ్రీజు. మా ఆయన్ని చూసి ఆగిపోయింది.

"మీరా! ఏంటండీ ఇలా చేశారు?"

ఆ గొంతు. రెండో మాట వినకుండానే గుర్తుపట్టాను.

"పోయిన మంగళవారం పదింటికి రమ్మన్నాను కదా. మెసేజ్ పెట్టాను. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను, కలవలేదు. శుక్రవారం దాకా చూసి ఇంకొకాయన్ని తీసుకున్నాం."

"నాకేమీ రాలేదండీ," అన్నారు మా ఆయన. "నేను నచ్చలేదేమో అనుకున్నాను."

"నచ్చకపోవడమేంటి? వచ్చిన ఏడుగురిలో చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పింది మీరొక్కరే." ఆవిడ నా వైపు తిరిగింది. "ఈవిడేనా మీ ఇంటావిడ? ప్యాంటు అంచుకి రబ్బరు పెట్టమని నేనే చెప్పి పంపాను. భలే కుట్టారే!"

నేను ఆ అంచునే చూస్తూ తల దించుకున్నాను.

ఆయన నా ముఖంలోకి ఒక్కసారి చూశారు. ఎక్కువసేపు కాదు. తర్వాత "సరే అయితే," అని ఎవరితోనో అన్నట్టు అని, మంచులో మోకాలు ఆనించి, నా ఎడమ బూటు కొక్కెం ఊడివుంటే బిగించారు. "ఇది వదులుగా ఉంటే మడమ మెలిపడుతుంది," అన్నారు.

"నాన్నా, నీకు ఉద్యోగం ఉందిగా?" అంది లాయరు. "మళ్ళీ ఇంకోటెందుకు?"

ఆయన వంగే ఉన్నారు. "లేదమ్మా. కంపెనీ మూసేసి పది వారాలైంది."

అత్తయ్య చేతి తొడుగు తీసి, ఉత్త చెయ్యి కొడుకు తల మీద పెట్టి కాసేపు అలా ఉంచారు.

మధ్యాహ్నం వాళ్ళు ముగ్గురూ చిన్న వాలు దగ్గరికి వెళ్ళాక నేను షెడ్డుకి వెళ్ళాను. ఆ బూట్లతో నడిస్తే దొంగతనంగా వెళ్ళడం ఎవరి తరమూ కాదు. టకటకమంటూ లోపలికి వెళ్ళేసరికి ఆవిడ గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది.

"ఆ మెసేజ్ వచ్చిందండీ. నేనే చెరిపేశాను."

"పొరపాటునా?"

"కాదు. కావాలనే. మీ నంబరు కూడా రాకుండా చేశాను."

"ఎందుకమ్మా?"

"మీ గొంతు బాగుంది," అన్నాను.

ఆవిడకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక అక్కడున్న డబ్బా మీద కూలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది చూసి ఆవిడ కూడా ఆపేసింది.

"తీసుకున్నాయన్ని తీసెయ్యలేను. ఆయనకీ పిల్లలున్నారు. కానీ మంచు కరిగాక కుర్చీలన్నీ దింపి, ప్రతి కొక్కెం విప్పి చూడాలి. ఐదు నెలల పని. జీతం తక్కువే. ఇద్దరు కావాలి. దానికి ఆయన్ని తీసుకుంటాను."

"తీసుకోండి," అన్నాను ఆత్రంగా.

"మీరడిగితే కుదరదు. ఆయనొచ్చి అడగాలి. ఎందుకు రాలేకపోయారో తెలుసుకుని మరీ అడగాలి."

ఆ సాయంత్రం గదిలో అత్తయ్యా లాయరూ మంచాల మీద బట్టల్లా పడి నిద్రపోయారు. ఆయన వంటగదిలో బంగాళదుంపలు ఉడకేస్తున్నారు. నేను తలుపు దగ్గరే నిలబడి చెప్పాను. జేబులో అట్టముక్క సంగతి, ఇస్త్రీ అక్క మాటలు, మెసేజ్, అన్నీ. ఒక్కటీ దాచుకోలేదు.

"నన్నా?" అన్నారు. కిటికీ అద్దంలో తన బట్టతలా, తన పొట్టా ఒకసారి చూసుకున్నారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. పొయ్యి ఆపేశారు.

"పది వారాలు. రోజూ నువ్వు పెట్టిచ్చిన డబ్బా పట్టుకుని వెళ్ళి, ఉద్యోగాల కోసం తిరిగి, మధ్యాహ్నం బస్టాండులో కూర్చుని తినేవాణ్ణి. ఆఖర్న కంపెనీ ఇచ్చిన సొమ్మే జీతమని ఇంటికి తెచ్చేవాణ్ణి, నీకెలా చెప్పాలో తెలీక. ముందు ఇక్కడ పని దొరికితే, మీరు ఈ కొండ చూస్తే, నచ్చితే, అప్పుడు చెబుదామని ఈ ప్రయాణం పెట్టాను. నువ్వేమో..."

"చెప్పుంటే?"

"అడిగుంటే?"

ఆ రాత్రి సగం ఉడికిన దుంపలే తిన్నాం. ఆయన అటు తిరిగి పడుకున్నారు, నేను ఇటు. షెడ్డావిడ చెప్పిన ఐదు నెలల పని గురించి ఆయన వీపుకే చెప్పాను. విన్నారో లేదో తెలియలేదు.

పొద్దున్న నేను లేచేసరికి ఆయన పక్క ఖాళీ. మళ్ళీ గుండెలో అదే పురుగు. ఎక్కడికెళ్ళారు, ఎవరితో? కిటికీ దగ్గరికి పరిగెత్తాను. కింద వీధిలో కొండకి పోయే మొదటి బస్సు కోసం ఆయన ఒక్కరే నిలబడి ఉన్నారు, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాతో, నేను కుట్టిన ప్యాంటుతో. చలికి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతున్నారు. ఆ అవతారంలో ఎవరైనా ఆడమనిషి దగ్గరికి వెళ్తారా? నా మీద నాకే అసహ్యమేసింది. రెండు గంటల్లో తిరిగొచ్చి, "ఏప్రిల్ ఒకటిన రమ్మన్నారు," అన్నారు. ఎవరితో అన్నారో కూడా నాకు తెలీదు. అత్తయ్యే అందుకుని "మంచిదిరా," అన్నారు. వచ్చే దారంతా బస్సులో ఆయన పక్కన లాయరు కూర్చుంది.

ఆ చలికాలం మిగతా రోజులు కష్టంగానే గడిచాయి. ఆయన ఇంట్లో ఉండేవారు, వండేవారు, పిల్లని బడినుంచి తెచ్చేవారు. నాతో అవసరమైనంతే మాట్లాడేవారు. నేనూ అంతే. ఇస్త్రీ అక్క "ఏమైంది పిల్లా?" అంటే "ఏం లేదక్కా, మోకాలు నొప్పి," అన్నాను.

ఏప్రిల్లో వెళ్ళారు. మే నెల మూడో ఆదివారం మేం ముగ్గురం చూడ్డానికి వెళ్ళాం. మంచు లేని కొండని నేను గుర్తే పట్టలేదు. అంతా పచ్చగడ్డి. దింపిన కుర్చీలన్నీ గడ్డి మీద వరసలుగా పెట్టి, ఒక్కోదాని మీద సుద్దతో అంకె వేశారు. అత్తయ్య వెళ్ళి పదిహేడో నంబరు కుర్చీలో దర్జాగా కూర్చున్నారు. లాయరు షెడ్డావిడని పట్టుకుని ఏ మర ఎందుకు తిరుగుతుందో విచారణ మొదలెట్టింది. ఆయన నన్ను పైన ఉన్న గుడిసె దాకా నడుద్దామన్నారు. దారి ఏటవాలుగా ఉంది. ముందు ఆయన, వెనక నేను. నలభై అడుగులు నడిచాక మొదలుపెట్టారు.

లిఫ్టు గోతిలో అయితే చుట్టూ గోడలుంటాయి, ఇక్కడ స్తంభం ఎక్కితే నాలుగువైపులా గాలేనట. మొదటిరోజు సగం ఎక్కి కళ్ళు తిరిగి దిగిపోయారట. కుర్రవాళ్ళు నవ్వారట. నాలుగోరోజు పైన ఒక్కరే ఉన్నప్పుడు ఏడుపొచ్చిందట, ఎందుకో తెలీదట. గదిలో కుళాయి కారుతుందట. ఒక బోల్టు బిగించడం మరిచిపోయి పొద్దున్నే గుర్తొచ్చి, కొండ మీదకి పరిగెత్తారట. ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదట. జీతం ఎంతో, అందులో తిండికి ఎంత పోతోందో, పక్క గదిలో ఎవరుంటారో, వాళ్ళు ఎంత గట్టిగా గురకపెడతారో, అన్నీ.

నేనేమీ అడగలేదు. గుడిసె దాటిపోయాం. ఆయన చెబుతూనే ఉన్నారు.